చివరి పెట్టె నంబరు

ఆమె దినాల నాడు భోజనాల బంతిలో కూర్చున్నాక కూడా అదే ముచ్చట.

"పెద్ద సారు ముంగట నిలవడెసరికి బుగులు వడ్డది పాపం. చేతులు వణికినయి. లేకుంటె ఆ రైలు మస్తు నడుస్తుండె" అన్నది ఒకామె. "అది గాదు, ఓల్టేజి వడిపోయింది. అప్పుడు మన ఖనిల కరెంటు గట్లనె ఉండె గదా" అన్నాడు ఎదురు వరుసలో ఒక పెద్దమనిషి. నా పక్కన కూర్చున్నావిడ ఉల్లిగడ్డ ముక్క కొరికి తీర్పు చెప్పింది. "అసలు ఆ రైలు జేసింది మీ సారు. ఈమె డబ్బలకు పర్దలు కుట్టింది. గంతే."

మూడూ అబద్ధాలు. ఆమె బుగులు పడే మనిషి కాదు. ఆ రోజు ఓల్టేజి పడలేదు. ఇక పర్దాలంటారా, అవి కుట్టింది నేను, వంకరగా కుట్టాను. ఆమెను మెచ్చుకునేవాళ్ళ మాట కంటే, ఆమెను చూసి ఇన్నేళ్ళు కుళ్ళిన నా మాట నమ్మండి. ఇష్టంతో చూసేవాళ్ళు కొన్ని చూడకుండా వదిలేస్తారు. నేను ఒక్కటీ వదల్లేదు.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే. అందరికీ ల్యాంప్‌రూం అక్క. బొగ్గుబాయి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంప్‌రూం కిటికీ దగ్గర ఆగాలి. తన నంబరు బిళ్ళ లోపలికిచ్చి, అదే నంబరు దీపం తీసుకుని టోపీకి తగిలించుకోవాలి. షిఫ్టు అయి పైకి వచ్చాక దీపం వాపస్ ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. పుస్తకంలో ఆ నంబరుకు ఎదురుగా టిక్కు పడితే మనిషి పైకొచ్చినట్టు. పడకపోతే ఇంకా లోపలున్నట్టు. పెనిమిటి బాయిలో బండ కూలి పోయినప్పుడు కంపెనీ వాళ్ళు ఆమెకు ఆ కిటికీ వెనక కొలువిచ్చారు. చదివింది ఏడో తరగతి. షిఫ్టు వాళ్ళందరూ వచ్చి ఒక్క దీపం రాకపోతే కుర్చీలోంచి లేచేది కాదు. "టిక్కు వడనిదాక నేను జాగ ఇడువ" అనేది. ఒకసారి ఎవడో దీపం టోపీకే పెట్టుకుని కల్లు దుకాణానికి పోయాడట. అక్కడికి మనిషిని పంపించి, సీసా చేతిలో ఉండగానే వాణ్ణి వెనక్కి రప్పించి, కిటికీ దగ్గర నిలబెట్టి ఆమె తిట్టిన తిట్లు ఇప్పటికీ ఆ బాయి మీద చెప్పుకుంటారు. వాటిలో రెండు నేను కూడా వాడతాను.

రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు ఆమె మా ఇంటికి రావడం మొదలైంది. కారణం ఒక బొమ్మ రైలు.

బాయిలో పెద్ద యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఏడాదిన్నర గెస్టుహౌసులో ఉన్నాడు. సాయంత్రాలు తోచక తన ఊరి నుంచి బొమ్మ రైలు తెప్పించుకున్నాడు. పోయేటప్పుడు దాన్ని మా ఆయన చేతిలో పెట్టాడు. ఒక ఇంజను, ఐదు పెట్టెలు, వేలెడు వెడల్పు పట్టాలు, మీటలున్న కంట్రోలు, ఒక పొట్లంలో గోరంత చిప్పులు. చిప్పు పెట్టిన ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఉంటుంది. కంట్రోలు మీద ఆ నంబరు నొక్కితే ఆ పెట్టె ఒక్కటే మాట వింటుంది. దీపం వెలుగు అంటే వెలుగుతుంది, ఆరు అంటే ఆరుతుంది. కానీ ఇంజనుకే చిప్పు బిగించి ఉంది, పెట్టెలన్నీ చీకటి పెట్టెలు. వాటిలో దీపాలు, వంట పెట్టె గొట్టంలోంచి పొగ, ఇవి తాను చేద్దామనుకుని చేయలేకపోయానని, నువ్వు చెయ్యమని చెప్పిపోయాడట.

మా ఆయన ఎలక్ట్రికల్ ఫోర్మన్. ఏనుగంత మోటారు కూడా ఆయన చేతి కింద మేకపిల్లలా ఉండేది. ఆవగింజంత ఎల్‌ఈడీ దగ్గర మాత్రం ఆ వేళ్ళు లావైపోయాయి. నాలుగు కాల్చాడు, రెండు పోగొట్టాడు, ఒకటి చాయ్‌లో దొరికింది.

ఇదంతా జరిగింది నా బల్ల మీద. అది చెప్పకుండా ముందుకు పోను. మా పుట్టిల్లు పెద్దపల్లి. నేను బీఎస్సీలో చేరినప్పుడు మా నాయన టేకు చెక్కతో చేయించిన బల్ల అది. ఫిజిక్సులో నాకు ఫస్టు క్లాసు. జ్యోతినగర్‌లో ఒక బడివాళ్ళు టీచరుగా రమ్మని కబురు పంపితే మా ఆయన, "పొద్దుగాల లేసి బస్సెంట ఉరుకుడెందుకు, మనకేం తక్కువైందని" అన్నాడు. ఆ మాట తర్వాత బల్ల మీద ఇస్త్రీ బట్టలు వచ్చాయి. ఇస్త్రీ బట్టల తర్వాత రైలొచ్చింది.

ఒక శనివారం ఆయన అన్నం తింటూ అన్నాడు, "మా ల్యాంప్‌రూంల ఒకామె ఉన్నది. తెగిన వైరు అతికితె అతుకేడుందో కనవడది." పెళ్ళయి అన్నేళ్ళయినా నా గురించి అట్లాంటి వాక్యం ఒకటి ఆయన నోట్లోంచి రాలేదు. నా కుళ్ళు అక్కడే మొదలైంది. మనిషిని చూడకముందే.

ఆదివారం వచ్చింది. చెప్పులు గేటు బయటే విడిచింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఒక పెట్టెను ఎత్తి, కిటికీలోకి ఒక కన్ను పెట్టి చూసింది.

"ఈ డబ్బల మనుషులు లేరా సార్?"

"బొమ్మ రైలు గదనే" అన్నాడు ఆయన.

"మనుషులు లేని డబ్బల దీపమెందుకు?" అని, జవాబు కోసం ఆగకుండా కూర్చుంది. నా కుర్చీలో.

సోల్డరింగు చేసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. నాలుక కొస నోటి మూలకు వచ్చేది. అతుకు పడగానే "ఆఁ" అని ఊపిరి వదిలేది. ఒక మధ్యాహ్నం ఎన్ని "ఆఁ"లు వచ్చాయో వంటింట్లోంచి లెక్క పెట్టేదాన్ని. చాయ్ సాసర్లో పోసుకుని, ఊరందరికీ తెలిసేలా జుర్రేది. చివరి గుక్క ఎప్పుడూ వదిలేసేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, అయినా నన్ను అక్కా అనేది. "నువ్వే నాకన్న పెద్దదానివి గదనే" అన్నాను ఒకరోజు. "సదువుకున్నోళ్ళు ఎంత చిన్నగున్నా అక్కలే అక్క" అన్నది. అది గౌరవమో ఎత్తిపొడుపో తేలలేదు. మా వీధిలో ఎవరి మాటకైనా ఎదురుమాట ఉండే నేను ఆమె సాసర్ తీసుకుని వంటింట్లోకి పోయాను.

మా వీధి ఆడవాళ్ళు అనుకున్నది మీరు ఊహించే ఉంటారు. పెనిమిటి లేని మనిషి, ఆదివారమాదివారం, పరాయి మగవాడి పక్కన. "నీకు ఫికర్ లేదా?" అని అడిగారు. నాకు ఆ ఫికర్ లేదు. మా ఆయన మీద నమ్మకమని కాదు, ఆయనకు అంత ఓపిక లేదు. నా కుళ్ళు వేరు. ఆయన ఆమెను అడిగేవాడు, "ఇట్ల జేస్తె ఎట్లుంటది?" అని. ఆమె ఆలోచించి చెప్పేది. ఆయన వినేవాడు. నా ఇంట్లో, నా బల్ల మీద, నా ఫిజిక్సు గురించి.

నాకు మిగిలింది ఒక్కటే, రైలుతో వచ్చిన పుస్తకం. సగం జర్మన్, సగం ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు సగం నాది. దీపాలు బిగించడం అయ్యాక నంబర్లు పెట్టే రోజు నేను పుస్తకం పట్టుకుని పెద్ద గొంతుతో చదివాను. కొత్త చిప్పులన్నీ మూడో నంబరుతోనే వస్తాయి, మనం దాన్ని మార్చుకోవాలి. సరే. ఐదు పెట్టెలూ పట్టా మీద నిలబెట్టి, మొదటిదానికని పదకొండు నొక్కాను. ఐదూ పదకొండయ్యాయి. రెండోదానికని పన్నెండు నొక్కాను. ఐదూ పన్నెండయ్యాయి. రెండు ఆదివారాలు ఇదే తంతు. ఒకటి వెలగమంటే ఐదూ వెలిగేవి, ఒకటి ఆరమంటే ఐదూ ఆరేవి. చిప్పులే చెడిపోయాయన్నాడు మా ఆయన. పుస్తకమే తప్పన్నాను నేను.

ఆమె సాసర్ కింద పెట్టింది.

"అక్క, తప్పు వట్టకు. అందర్ని ఒక్కపాలి కిటికి కాడ నిలవెట్టి బిళ్ళ ఇస్తమా? ఒక్కొక్కన్ని పిలువాలె, ఇయ్యాలె, పంపాలె. గప్పుడే గదా ఎవనిది వానికి ముట్టేది."

నాలుగు పెట్టెలు తీసి పక్కన పెట్టింది. మిగిలిపోయిన ఒక పట్టా ముక్క బల్ల చివర వేసి, దాని మీద ఒక్క పెట్టెను నిలబెట్టింది. "ఇప్పుడు నొక్కు సార్." నంబరు ఎక్కింది. దాన్ని తీసి రెండోది పెట్టింది. పావు గంటలో ఐదు పెట్టెలూ ఐదుగురు మనుషుల్లా వేరుపడ్డాయి. మా ఆయన నవ్వుతూ నా వైపు చూశాడు. నేను పుస్తకం మూసేశాను. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను. అదే మాట పుస్తకంలో ఉంది. నేను చదువుతున్న పేజీకి వెనక పేజీలో. నేను పేజీ తిప్పలేదు.

ఆమె పెట్టిన నంబర్లు పదకొండు, పన్నెండు కావు. నూటతొమ్మిది, డెబ్బైఐదు, మూడువందల ఇరవై, నూటఎనభైఏడు, చివరి పెట్టెకు రెండువందల నలభైఆరు.

"ఇవేం నంబర్లే?" అన్నాను.

"మా బాయి దీపాల నంబర్లక్క. మనిషి మొకం యాదికుంటె నంబర్ యాదికుంటది."

పెట్టెలో దీపం వెలగ్గానే వెలిగిందనేది కాదు. "పైకొచ్చిండు" అనేది. ఐదూ వెలిగితే, "ఐదుగురొచ్చిండ్రు సార్, ఇగ నడుపు" అనేది. అంతవరకు ఇంజను మీట ముట్టనిచ్చేది కాదు. ఒకసారి నాలుగో పెట్టె పిలిస్తే పలకలేదు. చిప్పు దానంతటదే నంబరు మార్చుకుందని మా ఆయన అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నంబర్ దానంతటదె మారది సార్. మనిషే మారుస్తడు." చూస్తే ముందు రోజు ఆయనే పొరపాటున ఏదో నొక్కాడు.

పొగ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో పది నిమిషాలు నావి. మూడోది వంట పెట్టె. దాని కప్పు మీది గొట్టంలో పెన్సిల్ ముక్కంత పరికరం పెట్టారు, లోపల వేడెక్కే తీగ, దానిలో రెండు చుక్కల నూనె. జర్మన్ ఆయన ఇచ్చిన నూనె సీసా అయిపోయింది. మా ఆయన కొబ్బరినూనె పోశాడు, ఇల్లంతా తలంటిన వాసన. అప్పుడు నేను, మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ తెమ్మన్నాను. తెచ్చాడు. రెండు చుక్కలు వేసి మీట నొక్కితే తెల్లటి పొగ సన్నటి దారంలా లేచింది. "సదువంటె గిది!" అన్నాడు మా ఆయన. నా వైపు చూసే అన్నాడు. పర్దాలు దించిన ఆ గదిలో ఆ మధ్యాహ్నం నేను ఒక అడుగు ఎత్తు పెరిగాను.

ఆమె పొగను చూస్తూ గడ్డం గోక్కున్నది. "అక్క, పొయ్యి పొగ గిట్ల దారం లెక్క వస్తదా? బొగ్గుల పొయ్యి ముట్టిచ్చినప్పుడు సూడలే?" అని మీట మీద వేలు పెట్టింది. నొక్కి పట్టింది, వదిలింది, రెండు సార్లు టకటకా నొక్కింది, ఆగింది, మళ్ళీ నొక్కి పట్టింది. గొట్టంలోంచి పొగ ముద్దగా లేచి, తెగి, మళ్ళీ లేచింది. లోపల ఎవరో విసనకర్రతో పొయ్యి విసురుతున్నట్టే ఉంది. మా కాలనీలో ప్రతి పొద్దూ లేచే పొగ అది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. లిక్విడ్ పారఫిన్‌ను ఆ తర్వాత ఎవరూ తలుచుకోలేదు.

ఆ ఏడు కంపెనీ దినోత్సవానికి గ్రౌండులో షామియానాలు వేసి, ఒక్కో డిపార్టుమెంటుకు ఒక్కో స్టాలు ఇచ్చారు. ఎలక్ట్రికల్ వాళ్ళ స్టాల్లో రైలు పెడదామని మా ఆయన. పెద్ద సారు, అంటే జీఎం, అన్ని స్టాళ్ళూ చూస్తాడు. "సారుకు ఈమె చేతిపని సూపెట్టి, ల్యాంప్‌రూం నుంచి ఎలక్ట్రికల్ వర్క్‌షాపుకు మార్చుమని అడుగుత. ట్రేడ్ టెస్టు రాయిస్తె పాసయితది" అన్నాడు నాతో. నాకోసం ఆయన ఎవరినీ ఒక్క మాట అడగలేదు. నేను కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయి మళ్ళీ వేశాను.

ఆమెకు అదే బతుకు మారే దారి. ఒక్కసారే నోరు విప్పి అన్నది, "దీపాలు ఇచ్చుడు, తీసుకునుడు, ఎదురుసూసుడు. షాపుల అయితె ఎదురుసూసుడు ఉండదక్క. చేతుల పనుంటది." ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. సంచిలో కొత్త టెస్టరు, ఎర్ర పిడిది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆ సాయంత్రమే షాపులో డ్యూటీ ఎక్కబోతున్నట్టు.

స్టాల్లో నా బల్ల. బల్ల మీద రైలు. రైలు ముందు మా ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన అట్ట. పైన ఆయన పేరు. కింద ఆమె పేరు. అంతే. అట్ట వెనక్కి తిప్పి కూడా చూశాను.

మా ఆయన జనరేటరు చూడటానికి పోయాడు. ఆమె మొఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది. చక్రాలు తుడవడానికి తీసిన చివరి పెట్టె, బల్ల కొస మీద విడిగా ఉన్న పట్టా ముక్క మీద ఉంది. కంట్రోలు నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఒక్కొక్కన్ని పిలువాలె, ఇయ్యాలె, పంపాలె. ఆమె నేర్పిన పద్ధతే. నేను దానికి మూడు అని నంబరు ఎక్కించి, పెట్టెను తీసుకుపోయి రైలు చివర తగిలించాను.

ఎందుకంటే, అప్పుడు నాకు నేను చెప్పుకున్నది ఇది. చివరి పెట్టె వెలగదు. ఆమె తడబడుతుంది. మా ఆయన కంగారుపడి, "పుస్తకం ఏది, ఏమున్నది అండ్ల?" అని నా వైపు తిరుగుతాడు. నేను వచ్చి మూడు నొక్కుతాను. దీపం వెలుగుతుంది. పెద్ద సారు, "ఈమె ఎవరు?" అంటాడు. ఒక నిమిషం పని. ఎవరికీ నష్టం లేదు.

పొద్దు వాలుతుండగా జీఎం వచ్చాడు. వెనక ఇరవై మంది. ఆమె కంట్రోలు పట్టుకుంది. నూటతొమ్మిది. "పైకొచ్చిండు." డెబ్బైఐదు. "పైకొచ్చిండు." మూడోది వెలిగింది, దాని పొగ కూడా లేచింది, జనం అబ్బ అన్నారు. నాలుగోది. తర్వాత రెండువందల నలభైఆరు నొక్కింది.

చివరి పెట్టె చీకటిగానే ఉంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ. చేయి వణకలేదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, చేయి వణకలేదు. తడబాటు లేదు. మొఖంలోంచి మాత్రం ఏదో దిగిపోయింది. రైలును చూడటం మానేసి, షామియానా గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది.

"పోనీ, నడుపు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"వద్దు సార్. ఒకలు రాలే."

జీఎం మంచివాడే, నవ్వాడు. "ఒక్క లైటే కదమ్మా, పర్వాలేదు, నడపండి."

"ఒక్కటే సార్" అన్నది ఆమె. "ఒక్కటే." ఇంజను మీట మీద అరచేయి కప్పి పెట్టింది. ఎవరూ తీయించలేకపోయారు.

నా నోట్లో మూడు ఉంది. ఒక్క అంకె. ఎవరూ పుస్తకం అడగలేదు. ఎవరూ నా వైపు తిరగలేదు. అంతా ఆమెనే చూస్తున్నారు, చీకటి పెట్టె పక్కన నిలబడినా ఆమెనే. నేను పెదవి విప్పలేదు. జీఎం గడియారం చూసుకుని పక్క స్టాలుకు పోయాడు. అక్కడ పుచ్చకాయ మీద ఏనుగును చెక్కారు. అది ఆయనకు బాగా నచ్చింది.

ఆమె అక్కడే కూర్చుంది. ఒకటి నొక్కింది, చూసింది. రెండు నొక్కింది, చూసింది. మూడు నొక్కింది. చివరి పెట్టె వెలిగింది.

"పైకొచ్చిండు" అన్నది. నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నది. కళ్ళు తుడుచుకోలేదు కానీ తుడుచుకోవలసినంత ఉంది. తలెత్తి ఒకసారి చూసింది. నా వైపు చూసిందో, నా వెనక తిరుగుతున్న ఫ్యాను వైపు చూసిందో చెప్పలేను.

"ఓల్టేజి దెబ్బకు పాత నంబరుకు పోయినట్టున్నది" అన్నాడు మా ఆయన.

"అయితది సార్" అన్నది ఆమె. నంబరు దానంతటదే మారదని చెప్పిన మనిషి.

అట్లా ఓల్టేజి కథ పుట్టింది. ట్రేడ్ టెస్టు మాట మళ్ళీ లేవలేదు. కొద్ది రోజులకు ఆ జీఎం బదిలీ అయ్యాడు. ఆమె ల్యాంప్‌రూంలోనే ఉండిపోయింది. ఎర్ర పిడి టెస్టరు మళ్ళీ నా కంటపడలేదు.

తర్వాతి ఆదివారం రాదనుకున్నాను. వచ్చింది. చెప్పులు గేటు బయట విడిచి, నా కుర్చీలో కూర్చుని, చివరి పెట్టెకు మళ్ళీ నంబరు ఎక్కించింది. నేను చాయ్ పెడుతున్నాను, పాత నంబరే అనుకున్నాను. సాసర్లో చాయ్ జుర్రింది, చివరి గుక్క వదిలింది. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఇగ అంతేనా అక్క?" అన్నది.

"అంతేనే, ఇంకేమున్నది" అన్నాను.

ఆ తర్వాత మూడేళ్ళ పాటు, వచ్చిన ప్రతిసారీ, గుమ్మంలో అదే మాట. "ఇగ అంతేనా అక్క?" ప్రతిసారీ నేను అంతే అన్నాను. మా ఆయనకు రైలు మోజు తీరి అన్నీ అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కించాక ఆమె రాక తగ్గింది. రాష్ట్రం వచ్చిన ఏడు, గోడల మీద గులాబీ రంగు ఇంకా మాయకముందే, డ్యూటీ నుంచి ఇంటికి వచ్చి గుండెల్లో నొప్పి అన్నదట. దవాఖాన చేరేలోపే పోయింది.

దినాల నాడు బంతిలో మూడు అబద్ధాలూ విన్నాక నేను చేయి కడుక్కోవడానికి లేచాను. ల్యాంప్‌రూంలో ఆమెతో పనిచేసి రిటైరైన ముసలాయన, అందరూ కాక అంటారు, నల్లా దగ్గర ఉన్నాడు.

"కాక, ఆ రోజు ఒక్క దీపం కోసం అంత మొండికెందుకు వేసింది?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు. ఎవరైనా ఆమెను తిడితే విందామని కావచ్చు.

కాక నన్ను వింతగా చూశాడు. "నీకు తెల్వదా బిడ్డా? రెండువందల నలభైఆరు ఆమె పెనిమిటి దీపం. మనిషిని పైకి తెచ్చిండ్రు గని దీపం బండ కిందనే ఉండె. పుస్తకంల ఆ జాగల టిక్కు వడలే. కొలువుల చేరిన దినం ఆ పాత పుస్తకం తీసి సూసుకున్నది. ఆ నంబరు మీద మళ్ళ కొత్త దీపమొచ్చింది, కొత్త పిలగానికి ఇచ్చిండ్రు. గది గూడ దినాం ఆమె చేతులతోనే ఇచ్చేది."

ఇంటికి వచ్చి అటక మీది అట్టపెట్టె దించాను. మా ఆయన పేపరు చదువుకుంటూ, "ఇప్పుడెందుకది?" అన్నాడు. నేను మూత తీశాను. మూత లోపలి వైపు ల్యాంప్‌రూం పుస్తకంలోంచి చింపిన గీతల కాగితం అతికించి ఉంది. ఆమె గుండ్రటి అక్షరాలు. పెట్టె, నంబరు, టిక్కు. నూటతొమ్మిదికి టిక్కు. డెబ్బైఐదుకు టిక్కు. మూడువందల ఇరవైకి, నూటఎనభైఏడుకు టిక్కు. రెండువందల నలభైఆరుకు కూడా టిక్కు ఉంది. మిగతా నాలుగూ నీలం సిరా, ఈ ఒక్కటీ ఎరుపు. మూడు నొక్కి "పైకొచ్చిండు" అన్న రోజున పెట్టిందన్నమాట. నేను ఆ నంబరు చెరపబోతే, అన్నేళ్ళూ పడని టిక్కు ఆమెకు దొరికింది. చూశారా, నేను చేసిన చెడ్డపని కూడా చివరికి ఆమెదే అయింది. దానికీ కుళ్ళుకున్నాను, అబద్ధమెందుకు.

దాని కింద ఇంకో వరుస ఉంది. చివరి పెట్టె, కొత్త నంబరు. నూటపద్దెనిమిది.

ఆ నంబరు దీపం బాయిలో ఉన్నా, ఇది దాని నంబరు కాదు. నూటపద్దెనిమిది మా క్వార్టరు నంబరు. మా గేటు మీద ఉంటుంది. ఆమె చెప్పులు విడిచే చోట.

బల్ల మీది ఇస్త్రీ బట్టలు తీసి మంచం మీద పడేశాను. పట్టా పరిచాను, పెట్టె నిలబెట్టాను, కంట్రోలుకు వైరు తగిలించాను. నూటపద్దెనిమిది నొక్కాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా, అతుకు ఎక్కడుందో కనపడని ఆ దీపం, మొదటిసారికే వెలిగింది. నా వంకర పర్దాల వెనక నుంచి.

కాగితంలో ఆ వరుసకు ఎదురుగా టిక్కు లేదు. చెరిపిన గుర్తు కూడా లేదు. జాగ ఖాళీగా వదిలి ఉంది.

నేను చేసిన పని ఆమెకు తెలియదనుకుందామంటే, ఊళ్ళో ఇన్ని నంబర్లుండగా నాదెందుకు రాసింది? తెలుసనుకుందామంటే, మూడేళ్ళు నా చేతి చాయ్ ఎట్లా తాగింది? నేను ఎవరితోనైనా వాదించి గెలవగలను. చచ్చిపోయిన మనిషితో, ఒక ఖాళీ జాగతో ఎట్లా వాదించాలి? అందుకే వాదించడం లేదు, అడుగుతున్నాను. గుమ్మంలో నిలబడి "ఇగ అంతేనా అక్క" అన్న ప్రతిసారీ, టిక్కు కోసమేనా నువ్వు ఆగింది? ఎన్నాళ్ళు చూసినవే నాకోసం?